అరటికాయ మరకలు

చిల్లకూరు హజరత్తయ్య భుజాన సాన చక్రం మోసుకుంటూ వచ్చి, వీధి మొదట్లో నిలబడి "కత్తులకు సానా... కత్తిపీటలకు మెరుగూ..." అని ఒక్క కేక పెడితే, వీధి చివరింట్లో వంకాయలు తరుగుతున్న ఆడమనిషి కూడా చేతిపని ఆపి కత్తి వైపు ఒకసారి చూసుకునేది. కొత్త ఊళ్ళలో పేరడిగినవాళ్ళు చెబితే నమ్మేవాళ్ళు కాదు. నొసట ఆ విభూతేమిటి, ఈ పేరేమిటి అనేవాళ్ళు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తల్లి కసుమూరు దర్గాకు మొక్కుకుంది. మొక్కిన ఏడాదికి పుట్టాడని ఆ పేరు పెట్టుకుంది. నెల్లూరు సీమలో అదేమంత వింత కాదు.

తండ్రికి సెంటు భూమి లేదు. ఒకరి మడి దున్ని, ఇంకొకరి కల్లంలో తూర్పారబట్టి బతికాడు. కొడుకైనా ఒకరి మడిలో నడుం వంచకుండా బతకాలని గూడూరులో హెబ్రోను అనే పెద్దాయన దగ్గర పనికి పెట్టాడు. హెబ్రోను ఒకప్పుడు దొరల బంగళాలో భోజనాల బల్ల మీది కత్తులు తోమినవాడు. దొరలు వెళ్ళిపోయాక చర్చి వీధి మలుపులో సాన చక్రం పెట్టుకుని కూర్చున్నాడు.

"మరకుందని చక్రానికి ఆనించబాకరా," అనేవాడు ముసలాయన. "చక్రం మరకతోబాటు ఉక్కునీ తినేస్తది. మరక పైపైన కూర్చోనుంటది. దాన్ని బతిమాలి లేపాల. అది లేచేదాకా నువ్వు లేవకూడదు."

బతిమాలడమంటే చింతపండు గుజ్జు పూసి కాసేపు వదిలెయ్యడం. మెత్తగా నూరి గుడ్డలో జల్లించిన ఇటుక పొడిని తడిపి, కొబ్బరి పీచుతో ఒకే వైపుకు రుద్దడం. కడిగి వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ పూసి మళ్ళీ రుద్దడం. చివర తోలుముక్క మీద పొడిబూడిదతో మెరుగు, ఆపైన ఒక చుక్క ఆముదం. హజరత్తయ్యకు ఈ పని అబ్బింది. పదును కోసం చక్రం తొక్కేటప్పటి కంటే, మరక తియ్యడానికి గొంతుక్కూర్చున్నప్పుడే అతని మనసు కుదురుగా ఉండేది.

ఆ పనికి గిరాకీ అంతా సముద్రం వారనే. కోట దాటి తూర్పుకు పోయేకొద్దీ గాలిలోనే ఉప్పుంటుంది. నిన్న తోమిన కత్తి మీద ఇవాళ ఎర్రటి చుక్కలు తేలతాయి. అందుకని అతను కోతలకు ముందు కొడవళ్ళ కోసం ఒకసారి, ఊరగాయల కాలంలో కత్తిపీటల కోసం ఒకసారి ఆ ఊళ్ళన్నీ చుట్టి వచ్చేవాడు. బయల్దేరాడంటే నెలలో సగం ఇంటి మొహం చూసేవాడు కాదు.

అలా తిరుగుతున్నప్పుడే తిప్పపాళెంలో సంబంధం కుదిరింది. పద్మనాభయ్య అనే చిన్న రైతు చెల్లెలు ఆదిశేషమ్మ. పిల్ల నల్లగా, పొడుగ్గా, ఏ మాటన్నా సూటిగా అనేసే రకం. కాపురానికి వచ్చినప్పుడు అతను నగలేమీ పెట్టలేకపోయాడు. విరిగిన లారీ కమాను పట్టా ఒకటి సంపాదించి, కమ్మరి చేత సాగగొట్టించి, అలుగుగా వంపు తిప్పించి, తుమ్మచెక్క పీటకు బిగించి కత్తిపీట చేయించాడు. రాత్రీ పగలూ కూర్చుని దానికి మెరుగు పెట్టాడు. ఆదిశేషమ్మ ఆ అలుగులో తన మొహం చూసుకుని, బొట్టు సరిచేసుకుని, "అద్దం కొనే ఖర్చు తప్పింది," అని నవ్వింది.

వాళ్ళకు ఒక కొడుకు పుట్టాడు. రంగనాయకులని పేరు పెట్టి రంగడా అని పిలుచుకున్నారు.

యాభై ఎనిమిది ఎండాకాలం. రంగడికి రెండో ఏడు నడుస్తోంది. హజరత్తయ్య ఊరగాయల తిరుగుడుకు బయల్దేరేనాటికి బిడ్డ ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. "రెండు దినాలు ఆగి పోరాదా," అంది ఆదిశేషమ్మ. మామిడికాయలు అప్పటికే దిగుతున్నాయి. తను ఆగితే ఇంకో సానవాడు ముందు పోతాడు. బిడ్డ నొసట చెయ్యి వేసి చూసి, "పళ్ళొచ్చే జొరంలే," అని అతను చక్రం ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రానికే బిడ్డకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కబురు పెడదామంటే అతను ఏ ఊళ్ళో ఏ చెట్టుకింద ఉన్నాడో ఎవరికి తెలుసు? అతను తిరిగి వచ్చి వాకిట్లో చక్రం దించేసరికి అంతా అయిపోయి చాలా రోజులైంది. దూలానికి ఉయ్యాల లేదు. ఆదిశేషమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఆగమన్నా గదా," అంది ఏడుస్తూ. "నీకు ఊరోళ్ళ కత్తులెక్కువైనాయి."

ఆ క్షణంలో అతని నోట్లోంచి వచ్చిన మాట అతనిదే. ఇంకెవరి మీదా వెయ్యడానికి లేదు. "ఇంట్లోనే ఉండావు గదా, నువ్వేం చూసినావు బిడ్డని?" అన్నాడు.

ఆదిశేషమ్మ ఏడుపు ఆగిపోయింది. మరునాడు పద్మనాభయ్య బండి కట్టుకుని వస్తే కట్టుబట్టలు మూటగట్టుకుని, వంటింట్లోంచి ఆ కత్తిపీట కూడా తీసుకుని బండెక్కింది. "నా చెల్లెలు ఇంక ఈ గడప తొక్కదు," అన్నాడు పద్మనాభయ్య. హజరత్తయ్య బండి వెనకాల వీధి మలుపు దాకా నడిచాడు. పిలవాలనుకున్నాడు. ఎవరి వీధిలోనైనా ఎంత కేకైనా పెట్టే గొంతు ఆరోజు లేవలేదు.

తరవాత బతిమాలడానికి పోయాడు. పద్మనాభయ్య వాకిట్లోనే నిలబెట్టి పంపాడు. ఆమె బయటికి రాలేదు. ఇంకోసారి పోయినా అంతే.

మరుసటి ఏడు ఊరగాయల తిరుగుడులో తిప్పపాళెం వదిలేసి పోదామనుకున్నాడు. కాళ్ళు వినలేదు. పద్మనాభయ్య ఇంటికి ఎదురుగా, దారికి ఇవతల సరుగుడు చెట్ల తోపు ఒకటి ఉంది, సర్వి తోపంటారు. అక్కడ చక్రం దించి కేక పెట్టాడు. అందరూ కత్తులు తెచ్చి ఇచ్చాక, ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. పద్మనాభయ్య భార్య రాఘవమ్మ గోనెగుడ్డలో చుట్టిన కత్తిపీట తెచ్చి అతని ముందు పెట్టింది.

"మెరుగు పెట్టాలన్నా," అంది. వెంటనే లోపలికి వెళ్ళిపోయింది.

గోనెగుడ్డ విప్పి చూశాడు. కమాను పట్టా వంపు, తుమ్మచెక్క పీట మీద తను కొట్టిన మేకులు, అన్నీ అలాగే ఉన్నాయి. అలుగు పొడుగునా అరటికాయ జిగురు కర పట్టి నల్లటి మరకలు. మొన మీద ఒకటీ అరా తుప్పు చుక్కలు. హజరత్తయ్య దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఈ పీట మీద కాలు వేసి కూర్చుంటోంది, ఈ అలుగుకు చెయ్యి తగులుతోంది, కూరలు తరుగుతోంది, అంటే వండుతోంది, తింటోంది. ఆ ఒక్క ఆలోచన అతనికి ఆ ఏడాదికంతా చాలింది. చింతపండు నానేసి, ఇటుక పొడి తడిపి, తొందర లేకుండా బతిమాలాడు. ఎదుటింటి తలుపు ఓరగా ఉంది. దాని వెనక ఎవరైనా ఉన్నారా లేదా అన్నది తలెత్తి చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

అప్పటినుంచి ప్రతి ఏడూ అదే. మిగతా ఊళ్ళలో గబగబా పని తేల్చుకుని తిప్పపాళేనికి వచ్చేసరికి నిదానించేవాడు. మరకలు చూసి ఆమె సంగతులు ఊహించుకునేవాడు. అరటి మరకలు చిక్కగా ఉన్న ఏడు, ఇంట్లో గెలలు బాగా దిగాయి, కడుపునిండా తింటోంది అనుకున్నాడు. చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు మరకలు తక్కువై తుప్పు ఎక్కువుంటే, జబ్బు పడిందేమో, వంట వదినే చేస్తోందేమో అని ఆ తిరుగుడంతా కలతపడ్డాడు. రాఘవమ్మను ఎంత చుట్టు తిప్పి అడిగినా, "ఇంట్లో అందరూ బాగుండారన్నా," అనే జవాబు తప్ప వచ్చేది కాదు.

చిల్లకూరులో అతను ఇంకో పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమన్నవాళ్ళు ఉన్నారు. ఒకసారి అతని అత్త కూతురు, మొగుడు పోయిన కామమ్మను తెచ్చి ఇంట్లో దించే దాకా వచ్చింది వ్యవహారం. "నాకు పెళ్ళాముంది. పుట్టింట్లో ఉంది, అంతే," అన్నాడు హజరత్తయ్య. ఎన్నేళ్ళుగా పుట్టింట్లో ఉందని ఎవరో అడిగితే, లేచి చెంబు తీసుకుని బయటికి పోయాడు. రాత్రి తనొక్కడికే వండుకునేటప్పుడు ఇంట్లో ఉన్న చిన్న కత్తికి మెరుగు పెట్టేవాడు కాదు. అది తుప్పు పట్టే ఉండేది.

అరవైలు మొదలయ్యేసరికి ఊళ్ళలోకి ఎవర్‌సిల్వర్ అనే స్టీలు సామాను దిగింది. మద్రాసు నుంచి గూడూరుకు, గూడూరు నుంచి పల్లెలకు. ముందు గ్లాసులు, తరవాత గిన్నెలు, తరవాత కత్తులు. ఎన్ని అరటికాయలు కోసినా మరక పట్టని కత్తులు. నీళ్ళలో పడేసినా తుప్పు పట్టవు. కేక పెడితే వచ్చేవాళ్ళు తగ్గారు. కొన్ని ఊళ్ళలో ఒక్క కత్తీ పడేది కాదు. హజరత్తయ్యకు రాబడి పోతుందన్న బాధ కంటే ఇంకొక భయం పెద్దదైంది. పద్మనాభయ్య ఇంట్లోకి కూడా ఆ కత్తి వస్తే? రాఘవమ్మ "మాకేం పని లేదన్నా," అంటే? కోట దాటినప్పటినుంచీ అతనికి అదే ధ్యాస.

అరవై ఆరులో మామిడికాయల కాలం. సర్వి తోపులో చక్రం దించి కేక పెట్టాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. చివరికి ఎదుటింటి తలుపు తెరుచుకుని రాఘవమ్మ వచ్చింది. చేతిలో గోనెగుడ్డ మూట ఉంది. అతని ప్రాణం కుదుటపడింది. మూట విప్పి చూశాడు. అలుగంతా ఎర్రగా, నల్లగా, పొరలు పొరలుగా తుప్పెక్కి ఉంది. అరటి మరకలు కాదు. ఎవరో పనిగట్టుకుని పాడుచేసినట్టుంది.

"ఏందమ్మా ఇది? సముద్రంలో పడేసినారా?"

రాఘవమ్మ అటూ ఇటూ చూసింది. అంతవరకూ బిగబట్టుకున్నది ఇంక పట్టలేనట్టు చతికిలబడి కూర్చుంది.

"నన్నడగబాకన్నా. నేను చెప్పి చెప్పి అలిసిపోయినా. మా ఇంట్లో ఎవర్‌సిల్వర్ కత్తి వచ్చి మూడేళ్ళయింది. అంతకుముందు కూడా మా ఆడబిడ్డ దీన్నెవుర్ని ముట్టుకోనిచ్చింది? ఏడాదంతా తుడిచి, ఆముదం రాసి, అటక మీద పెట్టుకుంటది. నువ్వొచ్చే దినాలు దగ్గర పడంగానే దించి, పెరట్లో అరటికాయ కోసుకొచ్చి, చెక్కు తీసి, కడగకుండా అట్నే వదిలిపెడతది. ఎందుకే అంటే మాట్లాడదు. ఈ దఫా కుండలో ఉప్పునీళ్ళు పోసి ముంచి పెట్టింది. 'ఊళ్ళో ఎవురూ కత్తులియ్యరు, ఈ ఒక్కటీ తుడిచి గబుక్కున లేచి పోతాడు,' అన్నది. ఆ మాట కూడా నాతో అనలా. తనలో తననుకున్నది."

హజరత్తయ్య కత్తిపీటను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ తిన్నదనుకున్న కూరలు తినలేదు. జబ్బు పడిందనుకున్న ఏడు జబ్బూ పడలేదేమో. ఆ మరకలు అతని కోసం పెట్టినవి. చెట్టుకింద అతను ఇంకాసేపు కూర్చోవాలని పెట్టినవి.

"రాఘవమ్మా," అన్నాడు. "ఇది ఈ పూటకు అయ్యేది కాదు. రేపు కూడా పడద్ది. ఆ మాట చెప్పు లోపల."

ఆ రాత్రి సర్వి తోపులోనే పడుకున్నాడు. తెల్లవారి కోనేట్లో మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పని పట్టాడు. చక్రం ముట్టుకోలేదు. చక్రానికి పెడితే ఆ తుప్పు చిటికెలో పోతుంది, తను బిగించినప్పటి అలుగు సన్నబడిపోతుంది. చేత్తోనే రుద్దుతున్నాడు. పొద్దు బారెడెక్కింది. ఎండిన సర్వి ఆకుల మీద అడుగుల చప్పుడైంది. అతను తలెత్తలేదు.

"ఇంకా కాలేదా?"

ఆ గొంతు కొంచెం బొంగురుపోయింది. అయినా అదే గొంతు.

"కాలా," అన్నాడు.

"ఇంకా ఎంతసేపు పడద్ది?"

"నువ్వు ఎంతసేపంటే అంతసేపు."

ఆదిశేషమ్మ చేతిలోని నీళ్ళచెంబు అతని పక్కన పెట్టి, ఎడంగా కూర్చుంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. మనిషి చిక్కింది. అతను ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు. చేతులకు ఏదో పని ఉండాలి కాబట్టి పీచు తీసుకుని రుద్దుతూ ఉన్నాడు.

"మరకలు చూసి నేను ఇన్నాళ్ళూ... నువ్వు అరటికాయ కూర బాగా తింటాండావనుకున్నా," అన్నాడు.

"నాకు అరటికాయ పడదని మరిచిపోయినావా?"

అతను నిజంగానే మరిచిపోయాడు. కాపురానికి వచ్చిన కొత్తలో అతను అరటికాయలు తెస్తే పక్కింటివాళ్ళకు ఇచ్చేసేది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకోవడానికి తలవంచుకున్నాడు.

"బయటికి రావాలనే ఉండేది," అంది ఆమె. "తలుపు దాకా వస్తా. నీ చక్రం గిర్రుమనే చప్పుడు ఇనపడద్ది. దాంతోబాటు ఆ మాటా ఇనపడద్ది. కాలు ఆగిపోద్ది."

"ఆ మాట నేను..."

"అన్నావు. నేనూ అన్నా. ఇంక చెప్పబాక."

ఆమె చింతపండు గిన్నె దగ్గరికి లాక్కుని గుజ్జు పిసికి ఇస్తుంటే అతను పూశాడు. మధ్యాహ్నానికి అలుగు తేటపడింది. తుప్పు తిన్నచోట గుంటలు మాత్రం మిగిలాయి. అవి ఎవరూ తియ్యలేరు. ఎంత మెరుగు పెట్టినా వాటిల్లో నీడ నిలిచే ఉంది.

పొలం నుంచి వచ్చిన పద్మనాభయ్య దారి మీద ఆగి ఇద్దర్నీ చూశాడు. ఆయనకూ వయసు మీద పడింది. ఏదో అంటాడని హజరత్తయ్య లేచి నిలబడ్డాడు. "ఎండలో కూర్చోనుండారేంది? కూడు చల్లారిపోతాంది, రండి," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. సాయంత్రం చల్లబడ్డాక కోట దాకా బండి కట్టించింది ఆయనే. చెల్లెలి మూట తనే ఎత్తి బండిలో పెట్టాడు. బావతో ఒక్క ముక్క మాట్లాడలేదు కాని, ఎద్దులు కదలబోయే ముందు సాన చక్రం జారకుండా దానికి తాడు బిగించి కట్టాడు.

చిల్లకూరులో వాళ్ళ కాపురం మళ్ళీ మొదలైంది. మళ్ళీ మొదలైంది అంటే మునుపటిలా అని కాదు. ఒకరికొకరు కొత్తవాళ్ళలా మాట మాటకూ తడుముకునేవాళ్ళు. ఆదిశేషమ్మ ఒక్క షరతు పెట్టింది. తిరుగుడుకు పోతే తనూ వెంట వస్తుంది. ఇంట్లో ఒక్కతే ఉండదు. అలా ఇద్దరూ సముద్రపు ఊళ్ళన్నీ నడిచారు. దొరవారిసత్రం వైపు కూడా పోయారు. పని తగ్గిపోతున్న కాలం అది. చేపలు కోసే కత్తులూ, ముసలమ్మలు వదలని పాత కత్తిపీటలూ, అంతే పడేవి. అయినా ఆ రెండేళ్ళూ హజరత్తయ్యకు కేక పెట్టబుద్ధి అయ్యేది. పక్కన నడిచే మనిషి వింటుందని.

ఒకటి మాత్రం ఇద్దరూ ఎత్తుకునేవాళ్ళు కాదు. బిడ్డ పేరు. ఆ పేరుగల వాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఎదురైతే, ఇద్దరిలో ఒకరు చక్రం కట్టు సరిచేసుకోవడానికి ఆగేవాళ్ళు.

రెండో ఏడు వానలు వెనక్కి తగ్గాక, ఒక పొద్దున ఆమె ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టి వచ్చి, "వాణ్ణి యాడ పెట్టినారో చూపించు," అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు పూడ్చే చోటిదాకా పోయేవాళ్ళు కాదు. బిడ్డను తీసుకుపోయింది కామాక్షయ్య అనే దాయాది. హజరత్తయ్య తిరిగి వచ్చాక ఆయనే వాగు గట్టుకు తీసుకుపోయి, తుమ్మచెట్టు పక్కన ఈ చోటే అని చూపించాడు. ఇప్పుడు కామాక్షయ్య లేడు. హజరత్తయ్య కూడా ఇన్నేళ్ళలో మళ్ళీ అటు పోలేదు. పోలేకపోయాడు.

ఇద్దరూ వాగు దాకా నడిచారు. మధ్యలో ఎన్నో వానలు పోయాయి, ఎన్నోసార్లు వాగు పొంగింది. గట్టు ఒకచోట తెగి ఇంకోచోట మేట వేసింది. తుమ్మచెట్టు లేదు. ఎక్కడ చూసినా ఒకటే రకం ఇసుక, ఒకటే రకం రెల్లు. హజరత్తయ్య అటు నాలుగడుగులు వేశాడు, ఇటు నాలుగడుగులు వేశాడు. ఏదో ఒక చోటు చూపించి ఇదే అనవచ్చు. ఆమె నమ్ముతుంది. కాని ఆమెతో అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"తెలవడంలా శేషమ్మా," అన్నాడు. "గట్టు మారిపోయింది."

ఆమె ఇసుకలో కూర్చుంది. కాసేపయ్యాక అతనూ పక్కన కూర్చున్నాడు.

"రంగడు ఇప్పుడుంటే నా భుజం దాకా వచ్చుండడూ?" అంది.

"వచ్చుంటాడు. నీ పొడుగే గదా."

"నీ గొంతు వచ్చుండేది."

వాగులో నీళ్ళు పలచగా పారుతున్నాయి. అవతలి గట్టు మీద ఎవరో గొర్రెలు తోలుకుపోతున్నారు. ఆదిశేషమ్మ తెగిన గట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఒక చోటని కాకుండా, మొత్తం చూస్తూ కూర్చుంది. ఎండ నెత్తికెక్కి, మళ్ళీ పడమటికి వాలేదాకా ఇంటికి పోదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.